యాభై గంటల నిష్ఠ

పుదుచ్చేరి పట్టణంలో విద్య గురించి ఏ సభ పెట్టినా ఒకటే పాట. బోధన మారాలి. డిజిటల్ కావాలి. సగం తరగతి గదిలో, సగం తెర మీద. దాని ముద్దుపేరు బ్లెండెడ్. అబ్బో! మరి ఆ రెండింటినీ ఎలా కలపాలో పంతులికి చెప్పేదెవరు? దానికీ శిక్షణ ఉంది లెండి.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. ఆ వాక్యంలోనే ఇంకో మాటా ఉంది. శిక్షణ ఉపాధ్యాయుడి సొంత ఆసక్తిని బట్టి సాగాలట. గంటల లెక్క అందరికీ కంఠతా వచ్చింది. ఆసక్తి మాట ఎవరి కంటా పడలేదు, పాపం.

కేంద్రం 2019 ఆగస్టులో ‘నిష్ఠ’ అనే ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టింది. కరోనా వచ్చాక, 2020 అక్టోబరులో, అది ‘దీక్ష’ అనే ఆన్‌లైన్ వేదిక మీదికెక్కింది. నిష్ఠ, దీక్ష! పేర్లు వింటేనే మాల వేసుకోవాలనిపిస్తుంది. ప్రాథమిక, ప్రాథమికోన్నత టీచర్లకు మొత్తం 18 కోర్సులు. భాషాబోధనకు ఎన్ని? ఒక్కటి. తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు అన్నింటికీ కలిపి ఒక్కటి. కంప్యూటర్ల వాడకానికి ఇంకోటి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి? మీరే కలుపుకోండి. చివర్న బిట్లు పెడతారు. గట్టెక్కితే సర్టిఫికెట్.

ప్రత్యక్ష ప్రసారంలో శిక్షణ ఎలా ఉంటుందో మీకు తెలియనిదా? ‘వినబడుతోందా సార్? స్లైడ్ కనబడుతోందా సార్?’ అంటూ పావుగంట. ఆపైన పిల్లల చేత మాట్లాడించాల్సిన అవసరం గురించి గంటన్నర ఏకపాత్రాభినయం. వినేవాళ్ల మైకులన్నీ మూసేస్తారు. చాట్‌లో ‘ప్రెజెంట్ సార్’ల వాన. ఒక పక్క వీడియో నడుస్తుంది, ఇంకో పక్క పొయ్యి మీద కూర ఉడుకుతుంది. చివర్లో అభిప్రాయం అడుగుతారు. ‘చాలా బాగుంది’, ‘బాగుంది’. ఏడ్చినట్టుంది అనే గడి ఏదీ?

ఇక ఆ సర్టిఫికెట్ పట్టుకుని యానాం వెళ్దాం. పుదుచ్చేరి ఏలుబడిలోని తెలుగు ఊరు. రాజధానికి సుమారు 800 కిలోమీటర్లు. మొన్నటిదాకా ఆంధ్రప్రదేశ్ సిలబస్. 2023–24 నుంచి పుదుచ్చేరి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈ వైపు మళ్లించారు. బోర్డు మారింది, పరీక్ష తీరు మారింది. తెలుగు మాష్టారి అసలు కష్టం ఏ స్లైడులో ఉంది?

ఫోన్లో పిల్లాడు ‘కల’ అన్నాడా, ‘కళ’ అన్నాడా? ‘బారం’ అన్నాడా, ‘భారం’ అన్నాడా? తేల్చండి చూద్దాం. ముప్ఫై గొంతులు మ్యూట్‌లో ఉంటే పద్యం ఎవరు అప్పజెప్పాలి? చూచిరాత ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. సగం నీడ, సగం బొటనవేలు. అక్షరం కింద ఉన్నది వత్తో, కాగితం మడతో ఆ దేవుడికే ఎరుక. ప్రశ్నపత్రమేమో అనూ ఫాంట్‌లో కొట్టి ఉంటుంది. గూగుల్ ఫారంలో అతికించగానే తెలుగు మాయమై పిచ్చిగీతలు దిగుతాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవడం పెద్ద విద్యేమీ కాదు, పక్కన కూర్చుని చూపించేవాడుంటే. చూపించేవాడు లేడు. ‘21వ శతాబ్దపు నైపుణ్యాలు’ మాత్రం బోలెడు.

ఇదంతా తీరని చిక్కా? కాకినాడ సుమారు ముప్ఫై కిలోమీటర్లే. అక్కడ తెలుగు మాష్టార్లకు కొదవా? నెలకో పూట ఇటువాళ్లనూ అటువాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టండి. ఒకే పాఠం ఇవ్వండి. ఎవరు ఫోన్లో ఎలా చెప్పారో, ఎక్కడ బోల్తాపడ్డారో చూపించుకోమనండి. టీ, సమోసాల ఖర్చు.

కానీ అది వేరే రాష్ట్రం కదా! అనుమతి కావాలి. ఫైలు పుదుచ్చేరి వెళ్లాలి. యానాంలో అధికార వ్యవహారాలకు తెలుగు వాడవచ్చని 1965 చట్టం చెప్పినా, పైకి పోయే కాగితం ఇంగ్లీషులో ఉంటేనే ముద్దు. ఆ కాగితం రాసే పని ఎవరి నెత్తిన పడుతుందంటారు? తెలుగు మాష్టారి నెత్తినే. అది 50 గంటల్లోకి రాదు లెండి.