కోరలున్న బ్రహ్మచారి

అబ్బాయి వయసు పదిహేడు. 1918 నుంచీ పదిహేడే. పుట్టింది 1901లో, షికాగోలో. స్పానిష్ ఫ్లూతో పోతున్నవాణ్ణి ఒక డాక్టరుగారు మెడ కొరికి కాపాడారు. అప్పట్నించీ చావూ లేదు, ముసలితనమూ లేదు, నిద్రా లేదు. ఆస్తికి కొదవ లేదు. మంచి కార్లున్నాయి, పియానో వాయిస్తాడు. ఆహారం సంగతికొస్తే, మనుషుల్ని మానేసి కొండసింహాల రక్తం తాగుతాడు, దాన్ని వాళ్ళింట్లో శాకాహారమంటారు. మధ్యలో కొన్నేళ్ళు ఇంటిమీద అలిగి మనుషుల్ని కూడా చంపాడు గానీ, దుర్మార్గుల్నే ఏరి మరీ చంపాడట. ఇవన్నీ చిన్న విషయాలు. అసలు సంగతేమిటంటే అబ్బాయి బ్రహ్మచారి. నూరేళ్ళు దాటినా ఆడపిల్ల చిటికెనవేలు ముట్టుకున్న పాపాన పోలేదు.

ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?

దొరకదనే తేల్చారు అమెరికాలో ఆడపిల్లలు, వాళ్ళతోపాటు చాలామంది తల్లులు. స్టెఫనీ మేయర్ రాసిన ‘ట్వైలైట్’ 2005లో వచ్చింది. మరో మూడేళ్ళలో ‘న్యూ మూన్’, ‘ఎక్లిప్స్’, ‘బ్రేకింగ్ డాన్’ వచ్చి నాలుగు సంపుటాలూ పూర్తయ్యాయి. పది కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి, ఐదు సినిమాలయ్యాయి. రచయిత్రి ముగ్గురు పిల్లల తల్లి, మోర్మన్ మతస్థురాలు. పెళ్ళికి ముందు శృంగారం కూడదని ఆ మతం చెబుతుంది. ఆవిడ నమ్మకం ఆవిడిది, దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఈ పుస్తకాలకి పెద్దవాళ్ళు రాసిచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్టుతో. పిల్లలు నిశ్చింతగా చదువుకోవచ్చు, ‘అలాంటివి’ ఏమీ లేవు అని.

అలాంటివి లేవు, నిజమే. ఉన్నవేమిటో చూద్దాం.

హీరో ఎడ్వర్డ్ రాత్రిళ్ళు హీరోయిన్ బెల్లా పడగ్గదిలోకి కిటికీలోంచి దూరి, ఆమె నిద్రపోతుంటే తెల్లవార్లూ చూస్తూ ఉంటాడు. ఆమెకి తెలియదు, ఆమెని అడిగిందీ లేదు. ఇదే కథని 2020లో అతడి వైపు నుంచి ‘మిడ్‌నైట్ సన్’ అని మళ్ళీ రాసినప్పుడు, కిటికీ కిర్రుమంటోందని ఈసారి నూనె తెచ్చుకోవాలనుకుంటాడు కూడా. పోలీసులకి చెప్పాలంటే దూరం వెళ్ళనక్కర్లేదు. ఊరి పోలీసు చీఫ్ పక్కగదిలోనే ఉన్నాడు, ఆమె తండ్రే. పాపం ఆయన నిద్రలో ఉన్నాడు.

తన వల్ల ఆమెకి ప్రమాదమని తనే నిర్ణయించుకుని, ఒకరోజు అడవిలో వదిలేసి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆ పిల్ల బతుకు ఎలా గడిచిందంటే, పుస్తకంలో వరసగా నాలుగు నెలల పేర్లు వేసి పేజీలు ఖాళీగా వదిలేశారు. అతడి గొంతు భ్రమగానైనా వినబడుతుందని కొండకొమ్ము మీంచి సముద్రంలోకి దూకుతుంది. తిరిగొచ్చిన హీరో ఏం చేశాడు? ఆమె తన స్నేహితుడు జేకబ్‌ని చూడ్డానికి వెళ్ళకుండా ట్రక్కు ఇంజన్లో సామాను ఊడదీశాడు. తను ఊళ్ళో లేనప్పుడు ఆమెని ఇల్లు కదలనివ్వకుండా కాపలా కాయమని చెల్లెలికి పసుపుపచ్చ పోర్షే కారు లంచమిచ్చాడు. కానీ పెళ్ళయ్యేదాకా హద్దు దాటలేదండీ!

ఎందుకు దాటలేదో అతడే చెబుతాడు. పరవశంలో ఒక్క క్షణం పట్టు తప్పితే ఆమె ఎముకలు పిండైపోతాయన్నది మొదటి కారణం. రెండోది ఇంకా ముద్దొస్తుంది. దొంగతనం చేశాను, అబద్ధాలాడాను, ప్రాణాలు తీశాను, నా దగ్గర మిగిలిన సుగుణం ఇదొక్కటే, దీన్నైనా దక్కించుకోనివ్వమంటాడు. హత్యల ఖాతా పక్కన ఈ ఒక్క జమ చూపించి పరలోకంలో సర్దుబాటు అడుగుతాడన్నమాట. పైగా ఆమె ఆత్మ గురించి కూడా తనే బెంగపడతాడు.

ఇక్కడ మేయర్‌ని మెచ్చుకోవలసిన సంగతొకటుంది. ఈ కథలో కోరిక అమ్మాయిది. దాచుకోదు, సిగ్గుపడదు, బొత్తాల మీదకి ముందు వెళ్ళే చెయ్యి ఆమెదే. ఆపేది అబ్బాయి. ఆడపిల్లకి ఇంత కోరిక ఉంటుందని టీనేజి పుస్తకంలో దాపరికం లేకుండా రాయడం తక్కువ పనేం కాదు. పది కోట్ల ప్రతుల రహస్యం సగం అక్కడే ఉందని నా అనుమానం. చదివే పిల్ల ఎంత కావాలంటే అంత కోరుకోవచ్చు, పేరు చెడదు. వద్దనే బాధ్యత వేరొకరి నెత్తిన ఉంది కదా. అయితే ఆ వెసులుబాటు ఉచితం కాదు. ఎప్పుడన్నది అతడే చెప్పాలి, ఏ షరతు మీదన్నదీ అతడే చెప్పాలి. తల్లి హైస్కూలు దాటగానే పెళ్ళి చేసుకుని దెబ్బతింది కనక, తొందరపడి పెళ్ళి చేసుకోకూడదని బెల్లా మనసులో ఒక నియమం ఉంది. మొత్తం కథలో గాలికి పోయిన నియమం ఆ ఒక్కటే. తనని రక్తపిశాచిగా మార్చాలన్నా పెళ్ళే షరతు, పక్కలోకి రావాలన్నా పెళ్ళే షరతు. హైస్కూలు చదువు ముగిసిన వేసవిలోనే, ఆగస్టులో, పద్దెనిమిదేళ్ళ పిల్లకి పెళ్ళి జరిగిపోతుంది. దానికి కాస్త ముందు ఒకసారి అతడే మెత్తబడి సరేనంటాడు. అప్పటికే పాఠం వంటబట్టిన బెల్లా, కాదు, పద్ధతి ప్రకారమే కానిద్దామంటుంది. గురువుని మించిన శిష్యురాలు.

ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అని మన బామ్మలు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు. అదే మాటకి మేయర్ దాదాపు 2,400 పేజీల వ్యాఖ్యానం రాశారు. కొత్తగా చేర్చిందల్లా, ముల్లుది గొప్ప మనసైతే ఆకు దానికి జన్మంతా రుణపడి ఉండాలన్నది.

ఈ వ్యాఖ్యానం ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1993లో సదరన్ బాప్టిస్టులు ‘ట్రూ లవ్ వెయిట్స్’ అని ఒక ఉద్యమం మొదలుపెట్టి, పెళ్ళిదాకా ఆగుతామని పిల్లలచేత కార్డుల మీద సంతకాలు పెట్టించారు. మరుసటేడు అలాంటి కార్డులు రెండు లక్షలకు పైగా తెచ్చి వాషింగ్టన్ నేషనల్ మాల్ పచ్చికలో గుచ్చారు. 1996లో సంక్షేమ చట్టాన్ని తిరగరాస్తూ ఫెడరల్ ప్రభుత్వం ఈ బోధనకని ఏటా 5 కోట్ల డాలర్లు కేటాయించింది. పెళ్ళి వెలుపలి శృంగారం మనసుకీ ఒంటికీ హాని చేసే అవకాశముందని పిల్లలకి నేర్పాలని చట్టంలోనే రాసుకున్నారు. 1998లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ‘ప్యూరిటీ బాల్’ అనే విందు మొదలైంది. గౌన్లేసుకున్న కూతుళ్ళతో తండ్రులు డాన్సు చేసి, నీ శీలానికి నేను కాపలా అని ప్రమాణం చేస్తారు. తండ్రి చేతిలోంచి మొగుడి చేతిలోకి తాళంచెవి మారేదాకా అమ్మాయి చేతికి అది రాదు. ఎడ్వర్డ్ ఆ తాళంచెవి కాస్త ముందుగా అందుకున్నాడు, అంతే.

ఈ పాఠాల ఫలితమేమిటో కూడా లెక్కతేలింది. అమెరికా కాంగ్రెసు అడిగి చేయించుకున్న అధ్యయనం 2007లో బయటికొచ్చింది. పాఠాలు విన్న పిల్లలూ వినని పిల్లలూ దాదాపు ఒకే ఈడులో మొదలుపెట్టారని అందులో ఉంది. 2009లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం ఇంకా రుచికరం. ప్రమాణం చేసినవాళ్ళని ఐదేళ్ళ తర్వాత అడిగితే, 82 శాతం మంది అసలు ప్రమాణమే చెయ్యలేదన్నారు! ఆగడంలో వాళ్ళకీ మిగతావాళ్ళకీ తేడా లేదు. తేడా కనిపించింది కండోమ్ వాడకంలో. ప్రమాణం చేసినవాళ్ళలోనే అది తక్కువ.

చట్టంలో ‘హాని’ అని పొడిగా పడున్న మాటకి మేయర్ కోరలు తొడిగారు. ఆ పని అంతకు ముందే ఒక టీవీ సీరియల్ చేసింది. 1998లో ‘బఫీ’లో, పదిహేడో పుట్టినరోజు రాత్రి హీరోయిన్ తన రక్తపిశాచి ప్రియుడితో గడుపుతుంది. తెల్లారేసరికి వాడి ఆత్మ పోయి పచ్చి రాక్షసుడవుతాడు. అదీ బెదిరింపే. కాకపోతే అందులో దాపరికం లేదు. మంచివాడనుకున్నవాడు మర్నాటికి మారిపోవచ్చని చెప్పి, ఆ పిల్ల చేతికి కత్తి కూడా ఇచ్చారు. బెల్లా చేతికి ఇచ్చింది ఉంగరం.

సరే, పెళ్ళయింది. మరి ఆ ఎముకల సంగతేమిటి? పెళ్ళి మంత్రం చదవగానే రక్తపిశాచి కండబలం తగ్గిందా? తగ్గలేదు. బ్రెజిల్ తీరంలో మామగారు అత్తగారికి కానుకిచ్చిన దీవి. మొదటి రాత్రి గడిచేసరికి దిండ్లు చిరిగి గది నిండా ఈకలు, పెళ్ళికూతురి ఒళ్ళంతా కమిలిన మచ్చలు. పెళ్ళికొడుకు కుమిలిపోతుంటే, ఆ మచ్చలతోనే పెళ్ళికూతురు అతణ్ణి ఓదార్చింది, నాకేం కాలేదు, నేను సుఖంగా ఉన్నానని. ఈ మచ్చలే పెళ్ళికి వారం ముందు పడుంటే ఆమె తండ్రి తుపాకీ తీసేవాడు. వారం తర్వాత పడ్డాయి గనక హనీమూన్.

ఇంతకన్నా విచిత్రం ఇంకొకటుంది. ఆ కుటుంబంలో మూడున్నర శతాబ్దాల వయసున్న డాక్టరున్నాడు. జరగబోయేది ముందే చూడగల చెల్లెలుంది. ఎదుటివాళ్ళ మనసులు చదవగల పెళ్ళికొడుకున్నాడు. గర్భం రాకుండా చూసుకోవాలన్న ఆలోచన మాత్రం ఒక్క బుర్రకీ తట్టలేదు. ఐదు కోట్ల డాలర్ల పాఠం ఆ ఇంట్లో బాగానే పనిచేసిందన్నమాట. నెల తిరిగేసరికి కడుపులో బిడ్డ తల్లి పక్కటెముకలు విరిచింది. తల్లి కప్పులో స్ట్రా వేసుకుని మనిషి రక్తం తాగింది. పురిట్లో ఆమె వెన్ను విరిగింది, మొగుడు పళ్ళతో కొరికి బిడ్డని బయటికి తీశాడు. మొత్తం నాలుగు సంపుటాల్లో నాకు నిజాయితీగా అనిపించిన అధ్యాయాలు ఇవే. ప్రమాదం పెళ్ళి కాకపోవడంలో ఎన్నడూ లేదని మేయర్ కలమే ఒప్పుకుంది, సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్ళు అక్కడిదాకా చదివారో లేదో.

ఇక జేకబ్. తోడేలుగా మారే కుర్రాడు. బెల్లా మీద ఆశ పెట్టుకున్నవాడు ఆమెకి పుట్టిన పసిగుడ్డుని చూడగానే, ఈమే నా జన్మ తోడు అని విధి రాసేసింది. వాళ్ళ ముఠాలో ఇంకొకడికి అప్పటికే రెండేళ్ళ పాపతో ఇలా కుదిరింది. కంగారు పడక్కర్లేదట, పెద్దయ్యేదాకా అన్నయ్యలా చూసుకుంటూ ఆగుతారట. ఆగడమొక్కటే అర్హతైతే ఉయ్యాల పక్కన కాచుక్కూచున్నవాడూ ఋషే మరి.

పాఠకులు మాత్రం అమాయకులు కారు. 2011లో వచ్చిన ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’ మొదట ట్వైలైట్ అభిమాని ఒకావిడ ఎడ్వర్డ్, బెల్లా పేర్లతోనే రాసుకున్న కథ. పేర్లు మార్చి, కోరలు పీకి అచ్చేస్తే అదీ కోట్లలో అమ్ముడుపోయింది. వెంటపడటం, కాపలా, షరతులు, కమిలిన ఒళ్ళు, అన్నీ అలాగే ఉన్నాయి. తీసేసింది ఆగడమొక్కటే.

ఇదంతా చూసి మనం నవ్వడానికి పెద్ద హక్కేమీ లేదులెండి. కాలేజీ గేటు నుంచి బస్టాపుదాకా హీరోయిన్ వెంటపడి, వద్దంటే పాట పాడి, కాదంటే చెంప పగలగొట్టి, తాళి కట్టేదాకా మాత్రం ముట్టుకోనన్నవాణ్ణి కేరెక్టరున్న కుర్రాడని ఈలలేసింది మనమే. మేయర్ మన సినిమాలు చూసి ఉండరు. అయినా ఎంత చక్కగా కలిసింది!

విమర్శలకి ఆవిడ జవాబు చెప్పకపోలేదు. బెల్లా తనకి కావలసింది తనే ఎంచుకుందనీ, ఎంచుకోగలగడమే స్త్రీవాదమనీ అన్నారు. ఆమె ఆపదల్లో పడేది ఆడపిల్ల కావడం వల్ల కాదు, రక్తపిశాచుల మధ్య మామూలు మనిషి కావడం వల్ల అని కూడా అన్నారు. ఆ మాట నిరూపించడానికి, ట్వైలైట్‌కి పదేళ్ళు నిండిన 2015లో, ‘లైఫ్ అండ్ డెత్’ అని అదే కథని ఆడా మగా తారుమారు చేసి రాశారు. మనిషి ఇప్పుడు బో అనే కుర్రాడు, రక్తపిశాచి ఈడిత్ అనే అమ్మాయి. సన్నివేశాలు చాలావరకు అవే, సంభాషణలూ చాలావరకు అవే. ముగింపు మాత్రం వేరు. శత్రువు కొరికిన కాటుకి బో మొదటి పుస్తకంలోనే రక్తపిశాచి అయిపోతాడు. పెళ్ళి షరతు లేదు, మూడు సంపుటాల నిరీక్షణ లేదు, ఈకలు లేవు, విరిగిన వెన్ను లేదు. అబ్బాయి శీలం గురించి బెంగపడేవాళ్ళు ఎవరూ లేకపోవడంతో కథ ఒక్క సంపుటంలోనే కంచికి చేరింది.