తెరకు చూరు, జనానికి ఎండ

ఈసారి పెట్టేవి ఎండలోనూ కనిపించే తెరలట! శ్రీరామనవమి పందిళ్ల నుంచి ఎన్నికల సభల దాకా, ఏర్పాట్ల జాబితాలో మజ్జిగ ప్యాకెట్ల కంటే ముందు ఎక్కేది తెరే. సూర్యుడి ముందు దివిటీ అని తాతలు ఎగతాళి చేసేవారు. ఇప్పుడది కమిటీ తీర్మానం.

ఎల్‌ఈడీకి డబ్బు చాలని చోట ప్రొజెక్టరు దిగుతుంది. బడి ఆవరణలో, పదకొండు గంటల ఎండలో, రెండు వెదురు గడల మధ్య తెల్ల దుప్పటి. ఈ దుప్పటి గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి.

మిట్టమధ్యాహ్నపు ఎండ నేల మీద కుమ్మరించే వెలుగు దాదాపు 1,00,000 లక్స్. 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టరు ప్రాణమంతా ధారపోసినా ఆరు చదరపు మీటర్ల గుడ్డ మీద పడేది 500. నిలువు గుడ్డ మీద ఎండ ఏటవాలుగా, సగమే పడుతుందనుకున్నా ఇంకా వంద రెట్లు.

పైగా ప్రొజెక్టరుకు నలుపు వెయ్యడం చేతకాదు. అది వెలుగు వెయ్యని చోటునే కన్ను నలుపు అనుకుంటుంది. ఆ చోటును ఎండ నింపేశాక వక్తగారి మీసం, జుట్టు, నల్ల కళ్లద్దాలు అన్నీ తెల్లబోతాయి.

అయినా ‘బ్రైట్‌నెస్ పెంచవోయ్’ అని ఒకాయన కేక. దుప్పటి బిగించమని మరొకాయన సలహా. ఇంకా తెల్లటిది తెమ్మని మూడో ఆయన ఆజ్ఞ. తెస్తారు. అది ఎండను మరింత శుభ్రంగా చూపిస్తుంది.

ల్యాప్‌టాప్‌కు గొడుగు పట్టేవాళ్లు, ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టేవాళ్లు నయం.

ఎల్‌ఈడీ వాళ్లది ఇంకో గొప్ప. ఆరుబయట తెరంటే వెలుగు 5,000 నిట్ల పైమాటేనని అంకెను బిరుదులా చదువుతారు. నవమి రోజుల్లో తెర ముఖం ఉత్తరానికి తిప్పితే మధ్యాహ్నపు ఎండ దాని వీపున పడుతుంది. పైసా ఖర్చు లేదు. కానీ తెరను నిలబెట్టేది వేదిక మీది పెద్దలకు ఫొటో బాగా వచ్చే దిక్కుకు.

ఆ ఎల్‌ఈడీ పలకను దగ్గరగా చూస్తే, బుల్లి దీపాల వరసల మీద నల్లటి ప్లాస్టిక్ అంచులు కనిపిస్తాయి, ఇంటి చూరులా. దీపం మీద ఎండ పడకూడదని! మిల్లీమీటర్ల దీపానికి చూరు కట్టాలని తట్టింది. దాని ముందు మూడు గంటలు కూర్చోబెట్టిన ముసలమ్మ నెత్తిన గుప్పెడు నీడ ఉండాలని తట్టలేదు. ఇందులో నవ్వడానికేమీ లేదు, సిగ్గుచేటు. వేదికకు కూలర్లు, జనానికి అట్ట టోపీలు. చలువ పందిరి వేస్తే తెరా కనబడుతుంది, మనిషీ వడదెబ్బ తినడు. నాలుగు వెదుళ్లు, తాటాకులతో నవమికి ఊళ్లు తరతరాలుగా చేసుకున్న పని ఇది. దాన్ని పీకేసి నిట్లు అద్దెకు తెచ్చుకుంటున్నారు.

భద్రాచలంలో సీతారాముల కల్యాణం మిథిలా స్టేడియంలో, అభిజిత్ లగ్నాన, మిట్టమధ్యాహ్నం. ఒంటిమిట్టలో మాత్రం రాత్రి పూట. పెళ్లి చూడలేకపోతున్నానని చంద్రుడు మొరపెట్టుకుంటే దొరికిన వరమట. అక్కడ ఏ తెరకూ ఎండ బాధ లేదు. చంద్రుడి అర్జీ అలా పరిష్కారమైంది. పగటి సభలో వెనక వరసన, కొంగు నెత్తిన కప్పుకుని, కళ్లు చికిలించి తెల్లటి తెర వైపు చూస్తున్న ఆవిడ అర్జీ ఎవరు తీసుకుంటారో ఇంకా తేలలేదు.