అప్రస్తుత ప్రసంగము

సభ ఆరంభించుట మనవారికి పుట్టుకతో అబ్బిన విద్య. ముగించుట మాత్రము ఏ గురువును నేర్పినట్లు కానరాదు. సాయంకాలము ఆరు గంటలకని ఆహ్వానపత్రికలో అచ్చొత్తించిన సభ, ఏడింటికి మైకువాడు "హలో, హలో" యని ఖాళీ కుర్చీలను పలుకరించుటతో మొదలై, జ్యోతి ప్రజ్వలనమునకు అగ్గిపెట్టె దొరకక, దొరికిన పిమ్మట పుల్ల ఫ్యాను గాలికి ఆరిపోయి, ఫ్యాను ఆపగా పెద్దలకు చెమటలు గ్రమ్మి, ఎట్టకేలకు ప్రార్థనాగీతమున ప్రవేశించును. స్వాగతము పలుకు పెద్దమనిషి వేదిక నలంకరించినవారి నందఱిని పేరుపేరున స్తుతించును. వెనుక వచ్చు వక్త లెల్లరు ఆ పట్టికనే మరల మొదటినుండి ఏకరువు పెట్టుదురు. "రెండే రెండు మాటలు చెప్పి విరమించెద"నని లేచిన యొక మహనీయుడు, తన తాతగారి వైదుష్యమును వర్ణించుచుండగా, "దయచేసి ముగింపుడు" అని కార్యదర్శి వ్రాసి పంపిన చీటీని కళ్లజోడు సవరించుకొని శ్రద్ధగా చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసికొని, "ఇక అసలు విషయమునకు వత్తును" అనెను.

ఈ వ్యాధికి మందు మన యింటనే యున్నది. చెళ్లపిళ్ల, దివాకర్ల జంటకవులు గద్వాల, ఆత్మకూరు వంటి సంస్థానములలో మెప్పు లందుకొని ఊరూరను ప్రసిద్ధికి దెచ్చిన అవధానమును చూడుడు. అష్టావధానమున పృచ్ఛకులు ఎనమండుగురు: ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది నిత్తురు, నిషిద్ధాక్షరివారు అక్షరమక్షరమునకు అడ్డుపడుదురు. పనిలేక వేదిక యెక్కినవా డొక్కడును ఉండడు. అవధాని యేకాగ్రతను భంగపఱచుటకై అసందర్భపు ముచ్చటలాడు నధికారమును పూర్వులు అప్రస్తుత ప్రసంగి యను నొక్కనికే కట్టబెట్టిరి. మన సభలలో అది సర్వజనుల జన్మహక్కైనది. అచ్చట గంటలను అవధాని లెక్కించును. ఇచ్చట శ్రోతలు లెక్కింతురు.

కావున మా పేట గ్రంథాలయ వార్షికోత్సవమునకు నే నొక ప్రణాళిక సమర్పించితిని. వేదికపై నాలుగు కుర్చీలకు మించరాదు. శాలువలు ముందుగనే వారివారి యిండ్లకు పంపవలెను. కాఫీ సభాంతమున గాక సభామధ్యమున నీయవలెను, ఏలనన, మనవారు క్రొత్తవానిని "మీదే ఊరండీ?" యని పలుకరించుట గ్లాసు చేతనున్నప్పుడే గాని, కుర్చీల వరుసలో ముందువాని వీపు చూచుచు కూర్చున్నప్పుడు కాదు. వచ్చిన ప్రతివానికి ఏదో యొక పని యుండవలెను: పద్యము చదువుటయో, ప్రశ్న వేయుటయో, కనీసము చాప పఱచుటయో. గంట కొట్టుట కొకడు, అప్రస్తుత ప్రసంగమున కొకడు.

కార్యవర్గము మిక్కిలి సంతోషించి ఏకగ్రీవముగా ఆమోదించినది. గంట కొట్టుటకు ఇంతవఱకు ఎవ్వరును ముందుకు రాలేదు. రెండవ పదవికి మాత్రము పోటీ తీవ్రముగా నున్నది. అధ్యక్షులవారు తమ సీనియారిటీని గుర్తింపవలసినదని ముప్పావుగంట సేపు ప్రసంగించిరి.