కాలి కింది కచేరీ

నేను లూపర్‌ని. స్టేజీ మీద పాటగత్తె పాదాల దగ్గర ఉండే ఇనప్పెట్టెని. ఒకసారి తొక్కితే వింటాను. రెండోసారి తొక్కితే విన్నది విన్నట్టు మళ్లీ మళ్లీ వినిపిస్తాను. మూడోసారి తొక్కితే పాతదాన్ని వినిపిస్తూనే దాని మీద కొత్తదాన్ని పేరుస్తాను. నాకు వచ్చిన విద్య ఇంతే. దీన్ని పట్టుకునే మా అమ్మాయి ఒక్కతే నిలబడి నలుగురి కచేరీ చేస్తుంది.

మా అమ్మాయిది ఖమ్మం. హైదరాబాద్‌లో ఉద్యోగం. పాటలు తనే రాసుకుంటుంది, బాణీ తనే కట్టుకుంటుంది. బ్యాండు పెట్టుకోవాలని చాలా ప్రయత్నించింది. డ్రమ్స్ అబ్బాయికి కుదిరిన ఆదివారం బేస్ అబ్బాయికి డ్యూటీ పడేది. ఇద్దరికీ కుదిరితే ప్రాక్టీసు గది దొరికేది కాదు. నోటుబుక్కులో పాటలు మాత్రం పెరుగుతూ పోయాయి. ఇక ఎవరికోసమూ ఆగదలచుకోలేదు. సెకండ్‌హ్యాండ్‌లో నన్ను కొనుక్కుంది.

మా వంశం సంగతి కాస్త చెప్పాలి. 1950ల్లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో జెస్సీ ఫుల్లర్ అనే నల్లజాతి గాయకుడు ఒక్కడే బ్యాండంతా అయి పాడేవాడు. చేతిలో పన్నెండు తీగల గిటారు, మెడకు తగిలించుకున్న చట్రంలో మౌతార్గాన్, కాలితో మోగించుకోవడానికి తనే చేసుకున్న బేస్ వాద్యం. పియానో తీగలు బిగించిన ఆ వాద్యం పేరు ఫోట్‌డెల్లా. 1973లో వచ్చిన ఒక రికార్డు కోసం రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో అనే ఇద్దరు సంగీతకారులు రెండు టేపు రికార్డర్లు పక్కపక్కన పెట్టి, ఒకే టేపును మొదటిదాని నుంచి రెండోదానికి నడిపించారు. మొదటిది పట్టుకున్న శబ్దాన్ని రెండోది కాసేపాగి వినిపిస్తే, అది మళ్లీ మొదటిదానిలోకే వెళ్లేది. ఇప్పుడు నా పొట్టలో ఒక చిన్న చిప్పు చేస్తున్న పని అదే. 2004లో బ్రిటన్ టీవీలో కేటీ టన్‌స్టల్ గిటారూ పెడలూ పెట్టుకుని ఒంటరిగా పాడాక మా జాతి సంగతి మామూలు శ్రోతలకు కూడా తెలిసింది.

మా అమ్మాయికి మాత్రం నన్ను చూస్తే హరిదాసు గుర్తొస్తాడు. సంక్రాంతి నెలలో తల మీద అక్షయపాత్రతో, ఒక చేత తంబుర, మరో చేత చిడతలు, కాళ్లకు గజ్జెలతో వీధిలోకి వచ్చే మనిషి. శ్రుతి, తాళం, నడక, కీర్తన నాలుగూ ఆయన ఒక్కడివే. బుర్రకథ కథకుడిదీ దాదాపు ఇదే పద్ధతి. పొన్నెకల్లు నుంచి వచ్చి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ భుజాన తంబుర మీటుతూ, వేళ్లకున్న అందెలు మోగిస్తూ, గజ్జెల కాళ్లతో అడుగేస్తూ కథ నడిపేవారు. పక్కన డక్కీలతో వంతలు ఇద్దరున్నా కథ బరువంతా ఆయన ఒంటి మీదే. ఆ పరంపరలో నాకు చోటివ్వడం మా అమ్మాయి పెద్దమనసు. నాకైతే గర్వంగా ఉంటుంది.

సరంజామా చెక్కపలకతో మొదలైంది. కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ కొట్ల దగ్గర పీజో బిళ్ల దొరుకుతుంది. బజర్లలో వాడే పల్చటి ఇత్తడి రేకు. పలక అడుగున దాన్ని అంటించి వైరు లాగితే, మడమతో కొట్టినప్పుడు స్పీకర్లో డ్రమ్ము మోగుతుంది. తర్వాత గిటారుకు ఆక్టేవ్ పెడల్ వచ్చింది. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దాన్ని సగానికి, 41కి దించితే బేస్ గిటారు లావు తీగ శ్రుతి వస్తుంది. ఆ పెడల్ నాకు ముందే ఉండాలి. వెనక పెడితే బేస్ ఒక్కటే కాదు, అప్పటిదాకా నాలో పేర్చిన గిటారూ చప్పట్లూ అన్నీ కలిసి మంద్రంలోకి దిగిపోతాయి.

కరెంటు గురించి ఎవరూ పట్టించుకోరు. ఒకే అడాప్టరు నుంచి అన్ని పెడల్స్‌కీ తోకలు లాగితే, నాలాంటి డిజిటల్ పెట్టె వల్ల పుట్టే సన్నటి కీచుమోత మిగతావాటిలోకి పాకుతుంది. దేనికది విడిగా కరెంటు ఇచ్చే పవర్ సప్లై కొన్నాకే మా మోత వదిలింది. ఇంకో పెడల్ కొనేముందు అది కొనడం మంచిది.

అన్నిటికన్నా కష్టం తొక్కడం. ఆదితాళం అనుకోండి, ఎనిమిది అక్షరాలు. ఎనిమిదోది వాయించగానే కాలు ఆత్రపడుతుంది. నన్ను తొక్కాల్సింది అక్కడ కాదు. ఆ అక్షరం నిండా గడిచి మళ్లీ ఒకటి పడేచోట, సరిగ్గా సమం మీద. ఎనిమిది మీదే తొక్కితే నా దగ్గర మిగిలేవి ఏడే. కొంచెం ముందు తొక్కినా ప్రతి ఆవర్తంలోనూ అక్కడ నడక కుంటుతుంది, పాట అయ్యేదాకా కుంటుతూనే ఉంటుంది. దిద్దడం నాకు రాదు. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం పాఠాల్లో తొడ మీద వేసిన తాళం ఇక్కడ ఆమెకు అక్కరకొచ్చింది, చేతి అలవాటు కాలికి దిగింది. తాళాల పేర్లు నాకు తెలియవు. మొదటి తొక్కుకీ రెండో తొక్కుకీ మధ్య ఎంత కాలముంటే అదే నా ఆవర్తం. మిశ్రచాపు ఏడైనా, ఖండచాపు ఐదైనా నాకు అడ్డు లేదు. ఆమె పాటల్లో నాకు బాగా నచ్చింది మిశ్రచాపులోనే ఉంది. "తకిట" మొదట మడమ పడుతుంది, "తకధిమి" ఎత్తుకోగానే చప్పట్లు.

ఇంకో లెక్క ఉంది. నిమిషానికి 90 దెబ్బల నడకలో పదహారు దెబ్బల చుట్టు తిరగడానికి 11 సెకన్లకు కాస్త తక్కువ పడుతుంది. మడమ, చప్పట్లు, బేస్, గిటారు, వెనక గొంతు, ఐదు పొరలూ పేర్చేసరికి 50 సెకన్లు దాటిపోతాయి. అంతసేపూ ఎదుటివాళ్లు మాట కోసం కాచుకుని ఉండాలి. ఇలా పేర్చి చూపడమే ప్రతిభ అనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పాట వినడానికి వచ్చినవాళ్లకు ముందు పాట అందాలి. మా అమ్మాయి మడమ పొర పడగానే పల్లవి ఎత్తుకుంటుంది, మిగతావి పాడుతూ పాడుతూ చేరుస్తుంది. అందుకు వీలుగా ఆమె అసలు మైకు నా గుండా పోదు, నేరుగా మిక్సర్‌కే వెళ్తుంది. వెనక గొంతుకూ చప్పట్లకూ నాకు వేరే మైకు ఉంది. దాని వీపు స్టేజీ స్పీకర్ వైపు ఉండాలి. మొహం అటు తిరిగిందా, నేను వినిపించేదే మళ్లీ నాలో రికార్డయి పొరపొరకీ మురికి పేరుకుంటుంది, చివరికి కూత పెడుతుంది.

పల్లవిలో ఒక కార్డుల వరస, చరణంలో మరో వరస ఉంటే నేను సాయపడలేను, ఒక్క చుట్టే తిప్పుతాను. అలాంటి చరణం వచ్చినప్పుడు ఆమె నన్ను ఆపేసి గిటారొక్కటే పట్టుకుని పాడుతుంది. తను రాసిన మాటలు అప్పుడు స్పష్టంగా వినపడతాయి. మూడు నిమిషాలు నా మోత విన్న చెవులు ఆ మాటల వైపు ఎలా వంగుతాయో నేల మీద నుంచి నేను చూస్తుంటాను.

కార్యక్రమాలు పెట్టేవాళ్లకు ఒక మనవి. "ఒక్కతే కదా, ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అని మాలాంటివాళ్లకు సౌండ్ చెక్ చిట్టచివర, జనం కూర్చున్నాక ఇస్తున్నారు. బ్యాండుకు పట్టేంత సమయం మాకూ పడుతుంది. ముందుగా అరగంట ఇప్పించండి. మిక్సర్‌కు రెండు లైన్లు, నా శబ్దాన్ని అక్కడికి చేర్చే ఒక డీఐ బాక్స్, ఆమె ఎదురుగా ఒక మానిటర్, కాలికి కేబుల్స్ తగలని చదునైన నేల ఉంటే చాలు. పారితోషికం దగ్గర మాత్రం "ఒక్కతే కదా" అనకండి.