పొడి అక్షరాల వైద్యం

మన ఆసుపత్రులకు అక్షరాల దగ్గర మహా పొదుపు. బిల్లులో గ్లౌజులు జత జతకీ లెక్క రాసే చేతులు, రోగిని చూసిందెవరో రాయాల్సిన చోట మూడు పొడి అక్షరాలు గిలికి ఊరుకుంటాయి. ఆ పొడిని రంగరించి తెలుగులో మింగించే ఉద్యోగం నాది.

మొన్నొక డిశ్చార్జి సమ్మరీ వచ్చింది. రాత్రి 2 గంటలకు పేషెంటును సీఎంఓ చూశారట. పేపరు చదివే తెలుగువాడికి సీఎంఓ అంటే ముఖ్యమంత్రి కార్యాలయం. కడుపునొప్పికి అర్ధరాత్రి సచివాలయం దిగొచ్చిందా? పోనీ, చీఫ్ మెడికల్ ఆఫీసరా? ఆయన ఆ వేళ గుర్రుపెడుతుంటాడు. చూసింది క్యాజువాలిటీ మెడికల్ ఆఫీసరు, డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు అయ్యుండాలి. అనువాదాల ఏజెన్సీకి ఫోన్ చేసి అడిగితే, "కాంటెక్స్ట్ చూసి పెట్టేయండి సార్" అన్నారు. కాంటెక్స్టంటే ఆ ఒక్క వాక్యం, దాని కింద ఓ సంతకం. అదీ గిలుకుడే.

విదేశీ కాగితాలది ఇంకో వినోదం. లండన్ రిపోర్టులో ఎస్‌హెచ్‌ఓ అంటే సీనియర్ హౌస్ ఆఫీసర్, వార్డులో తిరిగే డాక్టరు. మనకేమో పోలీస్ స్టేషన్ అధికారి. "ఎస్‌హెచ్‌ఓ పరీక్షించి రెండు రోజులు లోపల ఉంచమన్నారు" అని రాస్తే ఇంటిల్లిపాదీ ప్లీడరు కోసం పరిగెడతారు. డీఓ అంటే అమెరికాలో ఎండీతో సమానంగా వైద్యం చేసే ఆస్టియోపతి డాక్టరు, ఇక్కడ కంటి వైద్యంలో డిప్లొమా. ఎంఎస్ సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ చదివినవాడు కత్తి పడతాడు, అక్కడ చదివినవాడు కీబోర్డు.

డాలస్‌లో కూతురి దగ్గరికెళ్లొచ్చిన పక్కింటి పిన్నిగారు తన ఫైలు నా ముందు పెట్టారు. "ఏం నాయనా, నన్ను చూసింది పీఏ అట. ఎమ్మెల్యే వెనకాల తిరుగుతాడే, వాడా? డాక్టరుగారు రానేలేదా?"

నవ్వొచ్చింది గానీ, అడగాల్సిన ప్రశ్నే అది. ఫిజీషియన్ అసిస్టెంటును 'డాక్టరు సహాయకుడు' అంటే కాంపౌండరైపోతాడు. 'డాక్టరు' అంటే అబద్ధం. ఓసారి ఇలాంటి చోటే "డాక్టరు కాదు, పరీక్షించి మందులు రాసే లైసెన్సు ఉన్న వ్యక్తి" అని రాసిచ్చాను. ఎడిటరు మొత్తం కొట్టేసి 'పీఏ' అని పెట్టాడు. గడిలో చోటు లేదట.

విడమరిస్తే అన్నీ తేలతాయనుకోకండి. చట్టంలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన డాక్టరు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే బండికి సంచి తగిలించుకొచ్చి, సూది పొడిచిపోయే మనిషి. పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. నిష్ఠగా పూర్తి పేరు రాశానా, కాలేజీ గడప తొక్కనివాడికి నేనే పట్టా ఇచ్చినట్టు.

ఇక 'ఆశ'. 2005లో సర్కారు కూర్చిన నాలుగక్షరాల ఇంగ్లిషు పేరు. చివరి అక్షరానికి అర్థం యాక్టివిస్టు, అంటే కార్యకర్త. కార్యకర్తకు పారితోషికం చాలు, జీతం అక్కర్లేదు. అర్ధరాత్రి గర్భిణిని ఆటో ఎక్కించుకెళ్లే ఆ మనిషిని ఊరంతా ఆశా వర్కరనే పిలుస్తుంది, నేనూ అదే రాస్తాను. ఎడిటరు ప్రతిసారీ 'వర్కర్' కొట్టేస్తాడు.

"ఆ మాట మూలంలో లేదు సార్."

నిజమే. మూలంలోనే లేదు.