ముందు తీర్పు, తర్వాత నివేదిక

రాష్ట్ర ప్రభుత్వానికి సలహాలిచ్చే స్వతంత్ర శాస్త్రవేత్తల మండలి కావాలట. బాగానే ఉంది. మరి చెబితే వినేదెవరు?

ఆంధ్రప్రదేశ్ రాజధాని ముచ్చటే చూడండి. 2014 మార్చిలో కేంద్రం శివరామకృష్ణన్ కమిటీ వేసింది. విజయవాడ, గుంటూరు మధ్య మాగాణుల్లో మహానగరం వద్దని ఆగస్టులో అది మొత్తుకుంది. రాజధాని విజయవాడ పరిసరాల్లోనేనని సెప్టెంబరు 4న అసెంబ్లీలో ముఖ్యమంత్రి ప్రకటన! ప్రభుత్వం మారాక 2019లో జి.ఎన్.రావు కమిటీ వచ్చింది. డిసెంబరు 17న ముఖ్యమంత్రి అసెంబ్లీలో మూడు రాజధానుల మాట అనేశారు. కమిటీ నివేదిక చేతికందింది 20న. పరీక్ష పేపరు దిద్దకముందే ర్యాంకు చెప్పేశారన్నమాట. పార్టీలు వేరైనా నివేదికను లెక్కచేయని విద్యలో ఇద్దరు ముఖ్యమంత్రులూ ఇద్దరే.

పాలకులకు పట్టకపోయినా, 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు ముందస్తు హెచ్చరిక విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడ చల్లపల్లి దిగువన రైతు బోరు నీళ్లు ఓ గుక్క పుక్కిలించి ఉమ్మేసి, సముద్రపు ఉప్పు ఎందాకా ఎక్కిందో చెప్పేస్తాడు. ఆయనకు జీతం లేదు, బుగ్గ కారూ లేదు. స్వతంత్రుడంటే ఆయనే.

కొత్త మండలి జీవోలో ఒక్క వాక్యం చేర్చాలి: నివేదిక అందేదాకా ముఖ్యమంత్రి నిర్ణయం ప్రకటించరాదు. ఆ వాక్యం సాధ్యాసాధ్యాలు తేల్చడానికి ముందుగా ఓ కమిటీ వేస్తారు లెండి.