నిర్బంధ దేశభక్తి

సాయంసమయమున బెజవాడలో కృష్ణాతీరమునకు వాహ్యాళి వచ్చు పెద్దమనుషులలో, మోకాళ్లనొప్పుల ప్రసంగము ముగిసిన పిమ్మట దేశముయొక్క దుఃస్థితిని గూర్చి విచారింపనివారు అరుదు. ఆ దుఃస్థితికి మూలము కుర్రకారేయనియు, కుర్రకారుకు మందు నిర్బంధ సైనికశిక్షణమేయనియు తీర్మానము చేసికొననిదే వారికి ఇంటికడ అన్నము సయింపదు.

ఈ మందు మనకు క్రొత్తది కాదు. ఒకమారు మ్రింగియే యున్నాము. 1948 నాటి చట్టముచే పుట్టిన ఎన్.సి.సి. మొదట ఇష్టపడినవారిదే. 1962 అక్టోబరులో చీనా సేనలు హిమాలయములు దాటివచ్చి, నవంబరు 21న తమంతట తామే కాల్పులు విరమించినవి. వారు వెడలిన త్రోవలో ధూళి చక్కగా అణగిన పిదప, 1963లో, కళాశాలలలో చదువు మగపిల్లలకు ఈ శిక్షణము నిర్బంధమైనది. నేఫా మంచులో నూలుబట్టలతో, కాన్వాసు జోళ్లతో, పాత .303 తుపాకులతో నిలిచిన జవానుల కొరతను, బందరుకాలువ ప్రక్క బి.కాం. విద్యార్థి ఎడమకాలు తప్పక వేయుటచే తీర్పవచ్చునని కనిపెట్టిన మేధాశక్తి సామాన్యమైనదా?

ఆ దృశ్యము కన్నులార చూడవలసినదే. తొలకరి వానకు నానిన నల్లరేగడి బూటుకంటి కాలొక్కింటికి వీసెడు బరువు పెరుగగా, గంజిపెట్టిన ఖాకీనిక్కరు తొడలనొరయగా, ఉస్తాదు "దాహినే ముడ్" అని గర్జించిన తోడనే సగము వరుస కుడికిని, సగము ఎడమకును మరలి ఒండొరుల ముఖములు తేఱిపాఱ జూచుకొనెడివారు. హాజరుపట్టీ నిండుటకు భారతమాతకంటె పరేడు ముగిసిన పిమ్మట పెట్టు పూరీకూర యెక్కువ తోడ్పడినదని చెప్పినచో ఆ తల్లి కోపగింపదనుకొందును. పూరీకిని లొంగనివారు వైద్యుని ధ్రువపత్రము తెచ్చుకొనిరి. అంతవరకు కబడ్డీలో ఎవరికిని చిక్కనివాడు అకస్మాత్తుగా ఉబ్బసరోగి యయ్యెను.

ఇక క్రమశిక్షణము. నిర్బంధము నిండుగా సాగుచున్న 1966లోనే విశాఖ ఉక్కు ఉద్యమము రేగినది. నవంబరు 1న విశాఖపట్టణమున తుపాకులు పేలినవి. బెజవాడ వీధులును రగిలినవి. ఆ వీధులకెక్కిన విద్యార్థులు వారమువారము "సావధాన్"గా నిలుచుట నేర్చినవారే కదా! వారి కోరిక న్యాయమైనదని నా తలంపు. కాని మన పెద్దమనుషులు ఏ కుదురుదనమును ఆశించి ఈ మందు పోయవలెననుచున్నారో, అది ఆ మూడేండ్లలో ఒక్క చుక్కయు దిగినట్లు లేదు.

పరదేశములును ఈ ముచ్చట తీర్చుకొన్నవే. ఆస్ట్రేలియా 1911లో 12 ఏండ్ల బాలురనుండి కవాతునకీడ్చి, ఎగవేసిన వేలమందిపై కేసులు నడపి, 1929లో చాలించినది. మనకడ 1968లో నిర్బంధము తొలగినది. మరుసటి యేట జాతీయ సేవాపథకము వచ్చినది. ఎన్.సి.సి. మాత్రము చావలేదు. నేడు ఇష్టముతో చేరి ముచ్చటగా కవాతుచేయు బాలబాలికలు కలరు. వారితో నాకు పేచీ లేదు.

42 ఏండ్లు దాటని ఉద్యోగస్థులకు, వర్తకులకు టెరిటోరియల్ ఆర్మీలో అధికారులుగా చేరుటకు దారి తెరచియే యున్నది. తీరమున తీర్మానములు చేయువారిలో ఆ ప్రాయమువారెవరైన నున్నచో మొదట తాము దరఖాస్తు పెట్టవలెనని నా మనవి. పిల్లల సంగతి పిమ్మట చూచుకొందము.